డ్రాలో పేరు రాకపోతే పాపం లేనట్టేనా?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి అందరూ బయటికి వస్తున్న వేళ ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లారు. ఆయన నాకు చాలా ఏళ్లుగా తెలుసు. తెలంగాణలోని ఒక మండల కేంద్రంలో బస్టాండు దగ్గర ఆయనకు నాలుగు ములిగీలు ఉన్నాయి. ఒకదానిలో కిరాణా దుకాణం తానే నడుపుకుంటారు. రెండింటిని అద్దెకిచ్చారు. రోడ్డు మూలన ఉన్న నాలుగోది ఖాళీగా ఉంది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, రమజానులో జకాతు లెక్క చూసి తీసే మనిషి. పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చాక కిరాణా బేరం పడిపోయింది. చిన్న కూతురి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. గొంతు తగ్గించి ఆయన చెప్పిన సంగతి ఇది.

2023 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచినప్పుడు ఆయన మరో ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక దరఖాస్తు వేశారు. ఫీజు రెండు లక్షలు, తలా యాభై వేలు. స్నేహితులు ముస్లిములు కారు. లైసెన్సు వస్తే దుకాణం ఈయన నాలుగో ములిగీలో పెట్టాలని మాట. డ్రాలో పేరు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆయన రెండు రకాతుల షుక్రానా నమాజు చేశారట. అల్లాహ్ నన్ను గండం నుంచి గట్టెక్కించాడు అనుకున్నారట. రెండేళ్లు గడిచాయి. 2025 అక్టోబరులో మళ్లీ దరఖాస్తుల కాలం వచ్చింది. ఈసారి ఫీజు మూడు లక్షలు. కొడుకు పట్టుబట్టాడు. మనం తాగేది లేదు అబ్బా, ఎవరినీ బలవంతంగా తాగించేదీ లేదు, ఒక కాగితం వేద్దాం, పేరు వస్తే అల్లాహ్ ఇష్టం, రాకపోతే అదీ అల్లాహ్ ఇష్టమే అన్నాడట.

పెద్దాయన అడిగింది రెండే ముక్కలు. భాయిసాబ్, 2023లో నా పేరు రాలేదు గదా, ఒక్క సీసా కూడా అమ్మలేదు గదా, అంటే నా మీద పాపం లేనట్టేనా? ఇప్పుడు వాడు వేస్తానంటున్నాడు, దరఖాస్తు వేయడం అంటే అమ్మడం కాదు గదా?

నేను అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. మద్యం అమ్మడం హరామ్ అని చెప్పడానికి ఆలోచించనవసరం లేదు. అది ఆయనకూ తెలుసు, ఆయన కొడుక్కీ తెలుసు. వారు అడిగింది అది కాదు. హరామ్ ఎక్కడ మొదలవుతుంది అన్నది వారి ప్రశ్న. సీసా చేతులు మారినప్పుడా, గల్లాపెట్టెలో డబ్బు పడినప్పుడా, లేక అంతకు ఎంతో ముందు, ఇంట్లో కూర్చుని ఫారం నింపుతున్నప్పుడేనా? ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు గనుక నాకు తోచిన జవాబును ఈ పుటల్లో వివరంగా రాస్తున్నాను.

ముందు తేలిన విషయాన్ని తేలినట్టుగా చెప్పుకుని ముందుకు సాగుదాం. అల్ మాయిద సూరా 90, 91 ఆయతుల్లో అల్లాహ్ మద్యాన్ని, జూదాన్ని, బలిపీఠాలను, జోస్యపు బాణాలను ఒకే వరుసలో నిలిపి, వాటిని షైతాను చేతల్లోని మాలిన్యంగా పేర్కొని, వాటికి దూరంగా ఉండమని ఆదేశించాడు. తాగవద్దు అనలేదు, దూరంగా ఉండమన్నాడు. ఈ తేడాను మన ఉలమాలు ఎప్పటి నుంచో ఎత్తి చూపుతున్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ప్రకారం మద్యం విషయంలో పది రకాల మనుషులు శాపానికి గురయ్యారు: పిండేవాడు, పిండించుకునేవాడు, తాగేవాడు, మోసేవాడు, ఎవరి కోసం మోస్తారో ఆ మనిషి, పోసి ఇచ్చేవాడు, అమ్మేవాడు, దాని వెల తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో ఆ మనిషి. తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. పది మందిలో తాగేవాడు ఒక్కడే. మిగిలిన తొమ్మిది మందిలో చాలామంది నాలుక మీద ఒక్క చుక్క వేసుకోకపోవచ్చు.

దరఖాస్తు చేసేవాడి పేరు ఈ జాబితాలో లేదు కదా అని ఎవరైనా అనవచ్చు. లేదు. ఆ కాలంలో మదీనాలో లైసెన్సు కార్యాలయం లేదు. అయితే జాబితా సాగిన తీరు చూడండి. అది సీసా దగ్గర మొదలు కాలేదు, పండు పిండే చోట మొదలైంది. పిండినప్పుడు ఇంకా అది ద్రాక్షరసమే, మత్తు ఎక్కలేదు. అయినా ఏ ఉద్దేశంతో పిండుతున్నాడో ఆ ఉద్దేశాన్ని బట్టి అతను మొదటి వరుసలో నిలిచాడు. ఇక్కడే పెద్దాయన రెండో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మద్యం అమ్మే హక్కు నాకివ్వండి అని సంతకం పెట్టి, డబ్బు కట్టి అడగడం కంటే ఉద్దేశాన్ని స్పష్టంగా తెలిపే పని ఇంకేముంటుంది?

ఈ సంగతి మన పొరుగువారికి మనకంటే ముందే అర్థమైందేమో అనిపిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న పేద స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకినప్పుడు వారు తాగుబోతు భర్తలను నిలదీసి ఊరుకోలేదు, సారా దుకాణాలు మూయించి ఊరుకోలేదు. సారా వేలంపాటలు జరగకుండా అడ్డుపడ్డారు. పాట పాడేవాడు ఆ రోజు ఎవరికీ సారా పోయలేదు కదా, వాడినెందుకు ఆపడం అని వారు అనుకోలేదు. చెడు ఎక్కడ పుడుతోందో అక్కడే నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని సడలించారు, అది వేరే కథ. ఖుర్ఆన్ చదవని ఆ తల్లులు వేలంపాట దగ్గరే అడ్డం నిలిచారు. ఖుర్ఆన్ చదివే మనం దరఖాస్తు దగ్గర ఇది అమ్మకం కాదు కదా అని తర్కిస్తున్నాం.

అల్లాహ్ ఇష్టం అన్న మాట

ఇక కొడుకు అన్న మాటకు వద్దాం. పేరు వస్తే అల్లాహ్ ఇష్టం. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది నిజానికి ఈ మాటే. వినడానికి ఇది తవక్కుల్‌లా, దైవంపై భారం వేసినట్టుగా ఉంటుంది. లోపల మాత్రం వేరే విషయం ఉంది.

తెలుగులో ఇష్టం అనే ఒక్క మాటకు రెండు అర్థాలు. ఒకటి, ఆయన నిర్ణయం. రెండు, ఆయనకు నచ్చినది. అరబీలో వీటికి వేర్వేరు మాటలున్నాయి. మొదటిదాన్ని మషీయత్ అంటారు, రెండోదాన్ని రిజా అంటారు. లోకంలో జరిగేదంతా అల్లాహ్ మషీయత్‌తోనే జరుగుతుంది. దొంగ తాళం పగలగొట్టగలిగాడంటే అదీ ఆయన అనుమతించిన మేరకే. అంతమాత్రాన దొంగతనం ఆయనకు నచ్చిందని కాదు. తన దాసుల విషయంలో అవిశ్వాసం తనకు నచ్చదని అజ్జుమర్ సూరా 7వ ఆయతులో ఆయనే తెలియజేశాడు, అయినా లోకంలో అవిశ్వాసం ఉంది. మక్కా బహుదైవారాధకులు కూడా ఈ రెండు అర్థాలను కలిపేసుకున్నారు. అల్లాహ్ తలచుకుని ఉంటే మేము గానీ మా తాతముత్తాతలు గానీ షిర్క్ చేసి ఉండేవాళ్లమా అని వాదించారు. అల్ అన్ఆమ్ సూరా 148వ ఆయతు ఆ వాదాన్ని ప్రస్తావించి, అది జ్ఞానం కాదని, వట్టి ఊహ అని తోసిపుచ్చింది. మన కుర్రవాడు పాపం అంత దూరం ఆలోచించి ఉండడు. కానీ నడిచిన దారి అదే.

అంతకంటే దగ్గరి పోలిక ఒకటుంది. ఇందాక చెప్పిన ఆయతులో మద్యం, జూదం పక్కనే జోస్యపు బాణాలు ఉన్నాయి. అరబీలో వాటిని అజ్‌లామ్ అన్నారు. అజ్ఞాన కాలంలో అరబ్బులు ప్రయాణానికో, పెళ్లికో, వ్యాపారానికో ముందు ఈ బాణాలు తీసేవారు. ఒకదాని మీద నా ప్రభువు ఆజ్ఞాపించాడు అని, ఇంకోదాని మీద నా ప్రభువు వారించాడు అని రాసి ఉండేదని, మూడోది ఖాళీగా ఉండేదని వ్యాఖ్యాతలు వివరించారు. ఖాళీది వస్తే మళ్లీ తీసేవారు. చెక్క బాణం చెప్పినదాన్ని ప్రభువు ఆజ్ఞగా తీసుకునేవారు. మక్కా విజయం నాడు కాబా గృహంలో హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిముస్సలాం) చేతుల్లో ఈ బాణాలు పెట్టిన బొమ్మలు కనిపించినప్పుడు, వారు ఏనాడూ వాటితో జోస్యం చూడలేదని దైవప్రవక్త (సల్లం) గట్టిగా ఖండించారు. బుఖారీలో ఈ ఉదంతం ఉంది.

కలెక్టరు గారు డబ్బాలోంచి తీసే చీటీని ప్రభువు ఆజ్ఞ అనుకోవడం ఆ బాణాన్ని ప్రభువు ఆజ్ఞ అనుకోవడం కంటే ఎంత దూరం? చీటీలు వేయడమే తప్పని నేను అనడం లేదు. ప్రయాణానికి వెళ్లేటప్పుడు తన సతీమణుల్లో ఎవరు వెంట రావాలో దైవప్రవక్త (సల్లం) చీటీ వేసి తేల్చేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అన్నదమ్ములు ఇంటి వాటాలు పంచుకునేటప్పుడు మన పెద్దలు ఈనాటికీ చీటీలు వేస్తారు. అన్నీ ధర్మసమ్మతమైనవే అయి, అందరికీ సమాన హక్కు ఉన్నప్పుడు ఎవరికి ఏది అన్నది తేల్చడానికి చీటీ పనికొస్తుంది. హరామ్‌ను నేను చేయనా, వద్దా అని అడగడానికి చీటీ పనికిరాదు. ఆ మాటకొస్తే ఇస్తిఖారా నమాజు కూడా పనికిరాదు. సారా దుకాణం పెట్టనా అని ఎవరూ ఇస్తిఖారా చేయరు, ఎందుకంటే దానికి జవాబు పద్నాలుగు శతాబ్దాల కిందటే వచ్చేసింది. వచ్చిన జవాబును పక్కన పెట్టి చీటీ ద్వారా ఇంకో జవాబు కోసం ఎదురుచూడటాన్ని తవక్కుల్ అనలేం.

జూదం సంగతీ ఇక్కడే చెప్పాలి. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సగటున దుకాణానికి యాభై. ఒకరికి వస్తుంది, 49 మంది కట్టిన రెండేసి లక్షలు తిరిగి రావు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. 2025లో ఫీజు మూడు లక్షలకు పెంచితే దరఖాస్తులు 95 వేల దాకా తగ్గాయి, రాబడి మాత్రం 2,800 కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ప్రభుత్వమే నడిపిన దుకాణాలను 2024 అక్టోబరులో ప్రైవేటుకు ఇచ్చినప్పుడు 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. అక్కడా తిరిగి రాని రెండు లక్షలే. ప్రభుత్వం దీన్ని దరఖాస్తు రుసుము అంటుంది. కాగితం పరిశీలించడానికి మూడు లక్షలు ఖర్చవుతుందా? పదిమంది డబ్బు వేసి, చీటీలో పేరొచ్చినవాడు లాభపడి, మిగిలినవారు పోగొట్టుకునే పద్ధతికి షరీఅత్‌లో ఒక పేరుంది. ఇది అచ్చంగా మైసిర్ కిందికే వస్తుందా అన్నది ముఫ్తీలు తేల్చాలి. నా దృష్టిలో మాత్రం దీనికి ఆ వాసన గట్టిగానే ఉంది. ఒకే ఆయతులో ఒకే వరుసలో వచ్చిన మూడు వస్తువులు, మద్యం, జూదం, జోస్యపు బాణం, ఒకే ఫారంలో కలుసుకున్నాయి.

షుక్రానా సరే, తౌబా ఏది?

ఇప్పుడు పెద్దాయన మొదటి ప్రశ్న. పేరు రాలేదు, ఏమీ అమ్మలేదు, పాపం ఉందా లేదా?

చెడు తలంపు వచ్చి, దాన్ని చేయకుండా మానుకున్నవాడికి ఒక పుణ్యం రాయబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు మనకు శుభవార్త ఇస్తోంది. చాలామంది ఈ హదీసును తలచుకుని ధైర్యం తెచ్చుకుంటారు. అయితే ఆ పుణ్యం ఎవరికి? అల్లాహ్ కోసం మానుకున్నవాడికని అదే అర్థంలో వచ్చిన ఇతర ఉల్లేఖనాలు స్పష్టం చేస్తున్నాయి. పెద్దాయన మానుకోలేదు. ఆయనకు దొరకలేదు. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది.

ఇద్దరు ముస్లిములు కత్తులు దూసుకుని తలపడితే చంపినవాడూ, చచ్చినవాడూ ఇద్దరూ నరకానికే అని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించినప్పుడు సహచరులు ఆశ్చర్యపోయారు. చంపినవాడి సంగతి సరే, చచ్చినవాడేం చేశాడని అడిగారు. అతను కూడా ఎదుటివాణ్ణి చంపాలనే ఆత్రంతోనే ఉన్నాడని ఆయన బదులిచ్చారు. కత్తి దూశాడు, వేటు తప్పింది. హజ్రత్ అబూ కబ్షా అన్మారీ (రజి) ఉల్లేఖించిన మరో హదీసు ఇంకా సూటిగా తగులుతుంది. అందులో నలుగురు మనుషుల ప్రస్తావన ఉంది. నాలుగోవాడికి సిరీ లేదు, జ్ఞానమూ లేదు. సంపదను చెడుదారిలో వెచ్చిస్తున్న ఒకణ్ణి చూసి, నాకే గనక డబ్బుంటే నేనూ ఇతనిలాగే చేసేవాణ్ణి అనుకుంటాడు. ఇద్దరి పాపభారం సమానమేనని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. ఆ నాలుగోవాడు కోరుకోవడమే చేశాడు. మనవాళ్లు కోరుకుని, డబ్బు కట్టి, సంతకం పెట్టి, ఫలితం కోసం కాచుకు కూర్చున్నారు.

కాబట్టి పెద్దాయనకు నేను చెప్పింది ఇది. మీరు అమ్మినవారి లెక్కలో లేరు, మీ ఇంట్లోకి ఆ డబ్బు రాలేదు, అది అల్లాహ్ చేసిన మేలే, దానికి షుక్రానా చేయడం మంచిదే. కానీ మీరు ఒక పని చేశారు, ఆ పని చీటీ తీసిన నిమిషంలో రద్దు కాలేదు. దానికి తౌబా కావాలి. ఊపిరి పీల్చుకోవడం తౌబా కాదు. తౌబా అంటే చేసినదానికి సిగ్గుపడటం, దాన్ని వదిలేయడం, మళ్లీ ఆ దారికి వెళ్లనని గట్టిగా నిశ్చయించుకోవడం. మీరు ఆ రాత్రి షుక్రానాతో పాటు తౌబా కూడా చేసి ఉంటే, రెండేళ్ల తర్వాత మీ అబ్బాయి అదే ఫారం పట్టుకొచ్చినప్పుడు నన్ను అడగాల్సిన అవసరం మీకు వచ్చేది కాదు.

ఈ చివరి మాట కాస్త కటువుగా వచ్చింది. ఆయన ముఖం చూశాక అలా అనకుండా ఉండాల్సింది అనిపించింది. పాపం నుంచి మరలినవాడు పాపమే చేయనివాడిలా అవుతాడన్న ప్రవక్త ప్రవచనాన్ని ముందుగా చెప్పి, ఆ తర్వాత మిగతాది చెప్పాల్సింది. రాత్రి ఫోన్ చేసి చెప్పాను.

మనం తాగం కదా, కొనేవాళ్లూ మనవాళ్లు కాదు కదా అనే వాదన గురించి కొంచెం. ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లం)కు తోలు తిత్తితో మద్యం కానుకగా తెచ్చాడు. దాన్ని అల్లాహ్ నిషేధించిన సంగతి తెలియదా అని ఆయన అడిగారు. తెలియదన్నాడు. ఆ వెంటనే పక్కనున్నవాడి చెవిలో ఏదో గుసగుసలాడాడు. ఏం చెప్పావని ప్రవక్త (సల్లం) అడిగితే, దాన్ని అమ్మేయమని చెప్పానన్నాడు. తాగడాన్ని నిషేధించినవాడే అమ్మడాన్నీ నిషేధించాడని ఆయన తెలియజేయగానే ఆ మనిషి తిత్తి మూతి విప్పి అంతా నేల మీద పారబోశాడు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ గుసగుస చూడండి. తాగకూడదని తెలియగానే మనసుకు తట్టిన మొట్టమొదటి ఆలోచన, పోనీ అమ్ముకుందాం అన్నది. మన కాలపు వాదనలన్నీ ఆ గుసగుసకు వివరణలే. మద్యం అమ్మిన ఒకరి గురించి విన్నప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తీవ్రంగా మండిపడి, కొవ్వు తమకు నిషిద్ధమైతే దాన్ని కరిగించి అమ్ముకున్న పూర్వ సముదాయం ఉదాహరణను గుర్తుచేశారు. రూపం మార్చినా, కొనేవాణ్ణి మార్చినా, లైసెన్సు మీద భాగస్వామి పేరు పెట్టినా, కరిగిన కొవ్వు కొవ్వే.

పేదరికం, అప్పు, కూతురి పెళ్లి. వీటిని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ హజ్రత్ అబూ తల్హా (రజి) సంరక్షణలో ఉన్న అనాథలకు వారసత్వంగా మద్యం వచ్చిన ఉదంతం గుర్తుంచుకోవాలి. అనాథల సొత్తును కాపాడమని ఖుర్ఆన్ ఎంత గట్టిగా చెప్పిందో మనకు తెలుసు. అందుకే ఆయన వెళ్లి అడిగారు. పారబోయమని జవాబు వచ్చింది. పోనీ సిర్కాగా మార్చనా అని అడిగారు. వద్దని జవాబు వచ్చింది. అనాథల నోటి దగ్గరి కూడు అని మినహాయింపు దొరకలేదు. అప్పు ఉన్నవాడికి వేరే దారులు లేవని కాదు. అప్పు ఇచ్చినవారిని గడువు అడగవచ్చు, ఒక ములిగీ అమ్మవచ్చు, జకాతు సొమ్మును అప్పుల్లో కూరుకున్నవారికి ఇవ్వవచ్చని ఖుర్ఆనే చెప్పింది. దీన్ని జమాఅత్ పెద్దలు పట్టించుకోవాలి. అప్పులవాళ్ల ఇంటి గడప తొక్కకుండా, వాళ్లు తప్పుదారి పట్టాక మాత్రం ఫత్వాతో ఎదురయ్యే అలవాటు మనకుంది. బార్ యజమాని ఇచ్చిన చందాతో మసీదుకు ఏసీలు పెట్టించుకుని, ఆయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టే కమిటీలు కూడా లేకపోలేదు. అల్లాహ్ పరిశుద్ధుడని, పరిశుద్ధమైనదాన్నే స్వీకరిస్తాడని చెప్పే హదీసు ఆ గోడల మధ్యే ప్రతి రమజానులోనూ వినిపిస్తుంది.

అదే హదీసులో ఒక బాటసారి ఉన్నాడు. దూర ప్రయాణంలో అలసి, దుమ్ము కొట్టుకుని, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి ప్రభూ ప్రభూ అని మొరపెట్టుకుంటాడు. అతని తిండి, తాగుడు, బట్ట అన్నీ హరామ్‌వే, ఇక దువా ఎలా అంగీకరించబడుతుంది అని దైవప్రవక్త (సల్లం) ప్రశ్నించారు. దీన్ని దుకాణదారుడికి అన్వయించి చూస్తే నాకు ఇంకో సంగతి తోచింది. కిరాణా కొట్టు తెరుస్తూ మనం బిస్మిల్లా అంటాం, యా అల్లాహ్ బర్కతు ఇవ్వు అని వేడుకుంటాం. నాలుగు ఇళ్లవాళ్లు పప్పు, నూనె ఎక్కువ కొనాలని దాని అర్థం, అందులో ఎవరికీ నష్టం లేదు. మద్యం దుకాణం షట్టరు ఎత్తుతూ ఏమని వేడుకోవాలి? తెలంగాణలో దుకాణం లైసెన్సుకు ఆ ప్రాంత జనాభాను బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి కోటీ 10 లక్షల దాకా ఎక్సైజు పన్ను కట్టాలి. అది రాబట్టుకోవాలంటే ఊళ్లో తాగేవాడు ఇంకాస్త తాగాలి, తాగనివాడు మొదలుపెట్టాలి. గల్లీల్లో బెల్టు షాపులు ఊరికే పుట్టుకురావడం లేదు. పొరుగువాడి కుర్రవాడు జీతం రోజు ఇటు రావాలని కోరుకుంటే తప్ప ఆ వ్యాపారం నిలబడదు. నేను ఎవరినీ బలవంతంగా తాగించను అని కొడుకు అన్న మాట నిజమే కావచ్చు. కానీ లైసెన్సు చేతికి వచ్చిన రోజు నుంచి అతని లాభం వాళ్ల తాగుడు మీద ఆధారపడుతుంది. ఇదే పొరుగువాడి క్షేమం కోసం కూడా అతను ప్రతి నమాజులో దువా చేయాలి. ఒక గుండెలో ఈ రెండు కోరికలు ఎలా ఇముడుతాయి?

ఈ చిక్కు మన రెండు రాష్ట్రాలకే పరిమితం కాదు. హైదరాబాదు నుంచి, ఆంధ్ర జిల్లాల నుంచి వెళ్లి అమెరికాలో పెట్రోలు బంకులు, చిన్న సరుకుల దుకాణాలు నడుపుతున్న మన సోదరులు ఎందరో ఉన్నారు. బీరు లేకపోతే అక్కడ దుకాణం నడవదన్నది వారి మాట. అక్కడా లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. కొన్ని రాష్ట్రాల్లో దరఖాస్తు పెట్టిన సంగతిని తెలుపుతూ దుకాణం ముందు నోటీసు అంటించాలి, ఇరుగుపొరుగుకు అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి. అంటే ఆ దేశపు చట్టం కూడా దరఖాస్తును వట్టి కాగితంగా చూడటం లేదు. బీరు పెట్టకుండా, రాబడి తగ్గినా సర్దుకుని దుకాణం నడుపుతున్నవారూ ఉన్నారు. అందరికీ అది సాధ్యమైందని చెప్పను. కొందరు ఆ వ్యాపారమే వదిలి టాక్సీ నడుపుకుంటున్నారు.

తలాఖ్ సూరా 2, 3 ఆయతుల్లో, తనకు భయపడేవాడికి అల్లాహ్ ఒక మార్గం చూపుతానని, అతను ఊహించని వైపు నుంచి ఉపాధి ఇస్తానని వాగ్దానం చేశాడు. ఈ ఆయతును మనం దుకాణాల గోడలకు అతికించుకుంటాం. ఎప్పటిలోగా అన్నది అందులో లేదు. ఎదురుచూసే కాలం ఒక్కోసారి చాలా పొడుగ్గా ఉంటుంది. ఆ మాట పెద్దాయనకు దాచకుండా చెప్పాను.

కొడుకు దరఖాస్తు వేయలేదు. కథ అంతటితో అయిపోలేదు. పాత స్నేహితుల్లో ఒకాయన తన సొంత పేరుతో వేశారు, ఈసారి డ్రాలో పేరు వచ్చింది. ఆయన నేరుగా వచ్చి నాలుగో ములిగీ అద్దెకు అడిగారు. బస్టాండు దగ్గర అంతకంటే మంచి చోటు లేదు, మామూలు అద్దెకు రెట్టింపు ఇస్తానన్నారు. పెద్దాయన మళ్లీ ఫోన్ చేశారు. భాయిసాబ్, లైసెన్సు నాది కాదు, అమ్మేది నేను కాదు, గోడలు మాత్రమే నావి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దీనికి అనుమతించారని ఒక మౌల్వీసాబ్ అంటున్నారు, నిజమేనా?

నిజమే, అలాంటి అభిప్రాయం హనఫీ గ్రంథాల్లో ఉంది. ముస్లిమేతరులు ఎక్కువగా ఉండే పల్లె ప్రాంతాల్లో వారికి ఇల్లు అద్దెకిస్తే, అందులో వారు మద్యం అమ్మినా అద్దె ఒప్పందం చెల్లుతుందని ఇమామ్‌గారు అన్నారు. ఒప్పందం ఇంటి గురించి, మద్యం అమ్మడం అద్దెకున్నవాడు తన ఇష్టంతో చేసే పని అన్నది ఆయన తర్కం. ఆయన ప్రధాన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) దీన్ని ఒప్పుకోలేదు. పాపకార్యాల్లో ఒకరికొకరు తోడ్పడకండన్న ఖుర్ఆన్ ఆదేశం వారి అభిప్రాయానికి బలం. ఆ తేడాను ఆయనకు ఉన్నది ఉన్నట్టుగా చెప్పాను, దాచడం న్యాయం కాదు. తర్వాత ఒక్క మాట అడిగాను. ఆ అనుమతి ఒక ఇంటి గురించి ఇచ్చింది. మీరు ఇస్తున్నది ఇల్లా, లేక సారా దుకాణానికి దొరికే అన్నిటికంటే మంచి మూలా? రెట్టింపు అద్దె దేనికి ఇస్తున్నారు, గోడలకా?

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆలోచిస్తానని ఫోన్ పెట్టేశారు. ఆ స్నేహితుడు రోడ్డుకు అవతలి వైపు వేరే గది చూసుకున్నారు. నాలుగో ములిగీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పెళ్లి అప్పు ఇంకా మిగిలే ఉంది. కొడుకు మసీదులో ఎదురైనప్పుడు సలాం చెబుతాడు, అంతకు మించి నాతో మాట్లాడటం లేదు.